మొబైల్ మ్యూజిక్ సెటప్‌కి పవర్డ్ యూఎస్‌బీ హబ్: పోర్టుల కన్నా ముందు కరెంటు లెక్క

ఐప్యాడ్‌కి గానీ ఫోనుకి గానీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు, గిటారు శబ్దాన్ని లోపలికి పంపి, తిరిగి స్పీకర్లకి ఇచ్చే పెట్టె) ఒక్కటే తగిలిస్తే చాలాసార్లు పనైపోతుంది. దానికి తోడు మిడి కీబోర్డు (శబ్దం కాకుండా ఏ మీట నొక్కామో యాప్‌కి చెప్పేది), ప్యాడ్ కంట్రోలర్ చేరితే కష్టాలు మొదలవుతాయి. తెర మీద ‘ఈ పరికరానికి ఎక్కువ పవర్ కావాలి’ అన్న హెచ్చరిక వస్తుంది. లేదా ఇంటర్‌ఫేస్ లైటు వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతుంది. లేదా అంతా బాగానే ఉందనుకున్నాక పాట మధ్యలో శబ్దం ఆగిపోతుంది. చాలావరకు ఈ మూడింటికీ మూలం ఒకటే: ఫోను ఇవ్వగలిగే దానికన్నా తగిలించినవి లాగే కరెంటు ఎక్కువ. సొంత అడాప్టర్ ఉన్న హబ్, అంటే పవర్డ్ హబ్, ఇందుకే కావాలి. అయితే పోర్టుల సంఖ్యా, స్పీడూ చూసి కొన్న హబ్ సంగీతానికి పనికిరాకుండా పోవచ్చు. చూడాల్సినవి రెండు: ఎంత కరెంటు ఇస్తుంది, ఆ కరెంటు మధ్యలో మారితే ఎలా ప్రవర్తిస్తుంది.

లెక్క ఇలా వేయండి

యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం ఒక పోర్టు నుంచి పరికరం తీసుకోదగ్గది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, అంటే అట్టపెట్టెల మీద కనిపించే ఎంఏ. యూఎస్‌బీ 3.0లో అది 900 ఎంఏ. మీ దగ్గరున్న ప్రతి పరికరం అడుగు భాగంలోనో మాన్యువల్‌లోనో ఎంత లాగుతుందో రాసి ఉంటుంది. రాసి లేకపోతే, హబ్ నుంచే పవర్ తీసుకునే పరికరానికి 500 ఎంఏ వేసుకోండి. సొంత అడాప్టర్ ఉన్న సింథ్‌కీ (సింథసైజర్) మిక్సర్‌కీ సున్నా వేసుకోవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ 500, రంగురంగుల లైట్లున్న ప్యాడ్ కంట్రోలర్ 300, చిన్న 25 కీల కీబోర్డు 100. మొత్తం 900. హబ్ లోపలి చిప్పుకి ఇంకో 100 కలపండి, 1000 అయింది. దీనికి సగం అదనంగా కలిపి 1500 ఎంఏకి తగ్గని అడాప్టర్ వెతకాలి. కాబట్టి 5 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టరుతో వచ్చే నాలుగు పోర్టుల హబ్ ఈ సెటప్‌కి సరిపోతుంది. అదే 2 ఆంపియర్ల అడాప్టర్‌ని ఏడు పోర్టుల హబ్‌తో ఇస్తే పోర్టుకి వచ్చేది సుమారు 285 ఎంఏ. కొనే ముందు పోర్టులు లెక్కపెట్టడం కాదు, అడాప్టర్ మీది ఆంపియర్లని పోర్టుల సంఖ్యతో భాగించి చూడండి.

సగం అదనం ఎందుకంటే, లైట్లూ ఫాంటమ్ పవరూ అవసరాన్ని ఒక్కసారిగా పెంచేస్తాయి. కండెన్సర్ మైక్‌కి ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌లో ఒక మైక్ గరిష్ఠంగా 10 ఎంఏ తీసుకోవచ్చు. అంటే 0.48 వాట్లు. 5 వోల్టులని 48కి పెంచడంలో పోయే నష్టం కలిపితే యూఎస్‌బీ వైపు నుంచి మైక్‌కి 120, 130 ఎంఏ దాకా పడుతుంది. ఇంటర్‌ఫేస్ మామూలుగా పనిచేసి, ఫాంటమ్ బటన్ నొక్కగానే డిస్కనెక్ట్ అయిందంటే కారణం దాదాపు ఇదే. పరీక్ష చేసేటప్పుడు రెండు మైకులూ తగిలించి, ఫాంటమ్ ఆన్ చేసి చూడాలి. మైకులు లేకుండా చేసిన పరీక్షకి విలువ లేదు.

5 వోల్టులు 3 ఆంపియర్లు, అంటే 15 వాట్లు కావాలని రాసి ఉన్న పెద్ద యూఎస్‌బీ-సి ఇంటర్‌ఫేస్‌లని హబ్ మీద ఆధారపడనివ్వకండి. వాటికి విడిగా పవర్ పోర్టు ఉంటే దానికే అడాప్టర్ పెట్టి, హబ్ నుంచి డేటా మాత్రం తీసుకోండి.

రెండు రకాల హబ్‌లు, రెండు వేర్వేరు పనులు

పవర్డ్ హబ్ అనే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు అమ్ముతారు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు.

మొదటిది గుండ్రటి పిన్ను అడాప్టర్‌తో వచ్చే పాతకాలపు హబ్. ఇది తన పోర్టులకి తగిలించిన వాటికి కరెంటు ఇస్తుంది. ఫోనుని మాత్రం ఛార్జ్ చేయదు. రెండోది యూఎస్‌బీ-సి తోక ఉన్న చిన్న డబ్బా. దాని పీడీ పోర్టుకి (పవర్ డెలివరీ, అంటే యూఎస్‌బీ-సి ఛార్జింగ్ పద్ధతి) ఫోను ఛార్జర్ పెడితే, హబ్ కొంత తీసుకుని మిగతాది ఫోనుకి పంపుతుంది. ఒకే యూఎస్‌బీ-సి రంధ్రం ఉన్న ఐప్యాడ్, ఐఫోన్ 15, ఆ తర్వాతి ఐఫోన్లు, ఆండ్రాయిడ్ ఫోన్లకి గంటలకొద్దీ వాయించాలంటే ఈ రెండోది కావాల్సిందే.

పీడీ హబ్‌తో చిక్కు రెండు చోట్ల ఉంది. తన కోసం అది కొన్ని వాట్లు పక్కన పెట్టుకుంటుంది, కొన్ని మోడళ్లలో 15 వాట్ల దాకా. 20 వాట్ల ఛార్జర్ పెడితే ఐప్యాడ్‌కి మిగిలేది 5 వాట్లే. తెర వెలుగుతూ, సింథ్ యాప్ నడుస్తూ ఉంటే ఛార్జ్ పెరగకపోగా తగ్గుతుంది. 45 వాట్ల ఛార్జర్ పెడితే ఈ బాధ ఉండదు. రెండో చిక్కు దీనికన్నా పెద్దది. ఛార్జర్ పెట్టినా, తీసినా కరెంటు ఎవరు ఎవరికి ఇవ్వాలన్నది హబ్, ఫోను కొత్తగా మాట్లాడుకుంటాయి. ఆ క్షణంలో చాలా హబ్‌లలో పోర్టులకి కరెంటు తెగుతుంది. ఇంటర్‌ఫేస్ మళ్లీ మొదటి నుంచి కనెక్ట్ అవుతుంది, యాప్‌లో రికార్డింగ్ ఆగిపోతుంది. ప్లగ్ బోర్డు దగ్గర ఎవరి కాలు తగిలినా కచేరీ నిలిచిపోతుందన్నమాట.

అందుకే ముఖ్యమైన సెటప్‌కి రెండింటినీ కలపమని సలహా. చిన్న పీడీ హబ్ ఐప్యాడ్‌కి, దాని యూఎస్‌బీ-ఎ పోర్టు నుంచి సొంత అడాప్టర్ ఉన్న మొదటి రకం హబ్‌కి. పరికరాలన్నీ ఆ సొంత అడాప్టర్ ఉన్న హబ్‌కే. పీడీ ఛార్జర్ ఊడినా డేటా ఒక క్షణం తెగవచ్చు గానీ, కీబోర్డూ ఇంటర్‌ఫేసూ కరెంటు పోయి పూర్తిగా ఆగిపోవు. తిరిగి అందుకోవడం త్వరగా జరుగుతుంది. ఒకదాని వెనక ఒకటిగా ఐదు హబ్‌ల వరకు యూఎస్‌బీ ప్రమాణం ఒప్పుకుంటుంది కాబట్టి రెండింటితో ఇబ్బంది లేదు.

లైట్నింగ్ పోర్టు ఉన్న పాత ఐప్యాడ్, ఐఫోన్లకి యాపిల్ లైట్నింగ్ టు యూఎస్‌బీ 3 కెమెరా అడాప్టర్ వాడండి. పక్కనే ఛార్జింగ్‌కి మరో లైట్నింగ్ రంధ్రం ఉంటుంది. అంతకుముందు వచ్చిన చిన్న కెమెరా అడాప్టర్‌కి ఆ రంధ్రం లేదు. దానితో పవర్డ్ హబ్ పెట్టినా పరికరాలు నడుస్తాయి, ఫోను బ్యాటరీ మాత్రం కరుగుతూ ఉంటుంది. మైక్రో యూఎస్‌బీ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి ఒకేసారి ఛార్జ్ అవుతూ పరికరాలని నడపడం రాదు. ఏ హబ్ కొన్నా ఆ పరిమితి పోదు. ఇంకో మాట: ఆండ్రాయిడ్‌లో యూఎస్‌బీ ఆడియోకి సిస్టమ్ మద్దతు 5.0 నుంచి, యాప్‌లకి మిడి మద్దతు 6.0 నుంచి ఉంది. అంతకన్నా పాత ఫోను కోసం హబ్ కొనకండి.

స్పీడు సంగతి

యూఎస్‌బీ 3 హబ్ కొంటే ఆడియో మెరుగవుతుందనుకోవడం పొరపాటు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకి ఒక దిశలో కావాల్సింది సెకనుకి సుమారు 2.3 మెగాబిట్లు. ఎక్కువ ఇంటర్‌ఫేస్‌లు యూఎస్‌బీ 2.0వే. యూఎస్‌బీ 3 హబ్ లోపల నిజానికి రెండు హబ్‌లు పక్కపక్కన ఉంటాయి, 2.0 పరికరం 480 మెగాబిట్ల దారిలోనే వెళ్తుంది. శాంపిల్స్ (ముందే రికార్డ్ చేసిన వాయిద్యాల శబ్దాలు) బయటి ఎస్‌ఎస్‌డీ డిస్కులో పెట్టుకుని వాయించేవాళ్లకి మాత్రం యూఎస్‌బీ 3 నిజంగా పనికొస్తుంది. లేనివాళ్లకి దానివల్ల ఒక నష్టం కూడా ఉంది: యూఎస్‌బీ 3 సిగ్నల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద వెదజల్లుతుందని ఇంటెల్ 2012లోనే పత్రం ప్రచురించింది. బ్లూటూత్ మిడి పెడల్, 2.4 గిగాహెర్ట్జ్ గిటార్ వైర్‌లెస్ రిసీవర్ ఆ హబ్ పక్కనే ఉంటే సిగ్నల్ తెగుతూ ఉంటుంది. రిసీవర్‌ని హబ్ నుంచి ఒక మీటరు దూరం జరపండి. కుదరకపోతే యూఎస్‌బీ 2.0 హబ్ వాడండి.

అసలు చూడాల్సిన స్పీడు వేరే ఉంది. మిడి కీబోర్డులు, చిన్న కంట్రోలర్లు, పాత తరహా ఆడియో ఇంటర్‌ఫేస్‌లు 12 మెగాబిట్ల ఫుల్ స్పీడ్‌లో మాట్లాడతాయి. వాటి మాటని 480 మెగాబిట్లకి మార్చి పంపే భాగాన్ని ట్రాన్సాక్షన్ ట్రాన్స్‌లేటర్, క్లుప్తంగా టీటీ అంటారు. చౌక హబ్‌లలో అన్ని పోర్టులకీ కలిపి ఒకే టీటీ ఉంటుంది. నాలుగు ఫుల్ స్పీడ్ పరికరాలు పెడితే నాలుగూ కలిసి ఆ 12 మెగాబిట్లే పంచుకోవాలి. ఫుల్ స్పీడ్ ఇంటర్‌ఫేస్ చిటపటలాడటం, మీటకీ శబ్దానికీ మధ్య ఎడం ఒకసారి తక్కువ ఒకసారి ఎక్కువ కావడం, రెండో ఆడియో పరికరం అసలు మొదలవకపోవడం ఇలాంటి చోట చూస్తాం. మల్టీ టీటీ హబ్‌లో ఒక్కో పోర్టుకి ఒక్కో టీటీ ఉంటుంది. అట్టపెట్టె మీద ఈ సంగతి అరుదుగా రాస్తారు. హబ్‌ని లైనక్స్ కంప్యూటర్‌కి తగిలించి యూఎస్‌బీ పరికరాల పూర్తి వివరాలు చూపే కమాండు నడిపితే, హబ్ ప్రోటోకాల్ వరుసలో ‘సింగిల్ టీటీ’ అనో ‘టీటీ పర్ పోర్ట్’ అనో కనిపిస్తుంది. రెండోది కావాలి.

ఏడు పోర్టుల హబ్ లోపల తరచుగా రెండు నాలుగు పోర్టుల చిప్పులు ఒకదానికొకటి తగిలించి ఉంటాయి. మొదటి చిప్పులోని ఒక పోర్టు రెండోదానికి పోగా మిగిలేది ఏడు. కంప్యూటర్‌లో పరికరాల చెట్టు తెరిస్తే ఏ పోర్టు ఏ చిప్పుదో తెలుస్తుంది. ఆడియో ఇంటర్‌ఫేస్‌ని మొదటి చిప్పు పోర్టులో పెట్టి, దానికి చిన్న రంగు స్టిక్కర్ అంటించండి. మిడివి మిగతావాటిలోకి పోవచ్చు.

కేబుల్ తినేసే వోల్టేజి

హబ్ మంచిదే, అడాప్టర్ మంచిదే, అయినా ఇంటర్‌ఫేస్ ఊడుతోందంటే కేబుల్ మీద దృష్టి పెట్టండి. సన్నటి యూఎస్‌బీ కేబుళ్లలో పవర్ తీగ 28 గేజ్ ఉంటుంది, మీటరుకి సుమారు 0.21 ఓమ్‌ల నిరోధం. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి 2 మీటర్ల కేబుల్‌కి 4 మీటర్ల తీగ, అంటే 0.85 ఓమ్‌లు. 500 ఎంఏ దగ్గర 0.42 వోల్టులు దారిలోనే పోతాయి. హబ్ దగ్గర సరిగ్గా 5 వోల్టులు ఉన్నా ఇంటర్‌ఫేస్‌కి అందేది 4.58. అదే 2 మీటర్లు 24 గేజ్ తీగతో అయితే పోయేది 0.17 వోల్టులే. కేబుల్ ఒంటి మీద ‘28/24’ లాంటి అంకెలుంటే, రెండోది పవర్ తీగ గేజ్. ఆ అంకె ఎంత చిన్నదైతే తీగ అంత లావు.

దీన్నిబట్టి సెటప్ అమరిక కూడా మారుతుంది. సొంత అడాప్టర్ ఉన్న హబ్‌లో ఫోను వైపు కేబుల్ మీద పెద్ద కరెంటు పోదు, అది డేటా దారి మాత్రమే. కాబట్టి దూరం ఉండాల్సి వస్తే పొడవు కేబుల్ ఫోనుకీ హబ్‌కీ మధ్య పెట్టండి, పరికరాలకి పొట్టివి వాడండి. హబ్ పరికరాల దగ్గరుండాలి, ఫోను దగ్గర కాదు. ఎంత పొడవు పెట్టినా యూఎస్‌బీ 2.0కి 5 మీటర్లు దాటవద్దు.

ఫోను వైపు కేబుల్ ఊడదీసి మార్చుకోగలిగే హబ్ ఎంచుకోండి. చౌకా చిన్నా పీడీ హబ్‌లకి పదిహేను సెంటీమీటర్ల తోక శాశ్వతంగా అతికి ఉంటుంది. స్టాండు మీది ఐప్యాడ్ నుంచి ఆ డబ్బా గాలిలో వేలాడితే బరువంతా పోర్టు మీదే పడుతుంది. అలాంటిదే వాడాల్సి వస్తే హబ్‌ని వెల్‌క్రో పట్టీతో స్టాండుకే కట్టేయండి. తోక కొంచెం వదులుగా వంగి ఉండాలి, బిగుసుకుని ఉండకూడదు.

కొన్నాక చేయాల్సిన మొదటి పరీక్ష

నాసిరకం హబ్‌లు కొన్ని తమ అడాప్టర్ కరెంటుని ఫోను వైపుకి కూడా తోస్తాయి. ఫోను నుంచి కరెంటు రావాల్సిన పిన్ను మీద బయటి నుంచి 5 వోల్టులు రావడం ఇది. ఫోను ఒక్కోసారి హబ్‌ని గుర్తించదు, ఒక్కోసారి ఛార్జింగ్ గుర్తు వచ్చి పోతూ ఉంటుంది, పోర్టుకి దెబ్బ తగిలే ప్రమాదమూ ఉంది. పట్టుకోవడం తేలిక. హబ్‌కి అడాప్టర్ పెట్టి ఆన్ చేయండి. ఫోనుకి వెళ్లాల్సిన కేబుల్ చివరని ఫోనుకి కాకుండా చిన్న యూఎస్‌బీ వోల్ట్ మీటర్‌కి తగిలించండి. మీటర్ తెర వెలిగితే ఆ హబ్ వెనక్కి కరెంటు పంపుతోంది. తిరిగి ఇచ్చేయండి. పీడీ హబ్‌కి ఈ పరీక్ష వర్తించదు, ఫోనుకి కరెంటు పంపడమే దాని పని.

అదే మీటర్‌ని తర్వాత ఇంటర్‌ఫేస్‌కీ హబ్ పోర్టుకీ మధ్య పెట్టండి. అన్నీ ఆన్ చేసి, ఫాంటమ్ వేసి, ప్యాడ్ లైట్లు పూర్తిగా వెలిగించినప్పుడు 4.75 వోల్టులకి తగ్గకూడదు. తగ్గితే అడాప్టర్ చాలడం లేదు, లేదా హబ్ లోపలి స్విచ్‌లు కరెంటు తినేస్తున్నాయి. పోర్టుకొక బటన్ ఉన్న హబ్‌లు ఇలాంటి పరీక్షలో కొన్ని ఓడిపోతాయి. బటన్లు సౌకర్యమే అయినా స్టేజీ మీద పొరపాటున నొక్కుకుపోయే అవకాశం ఉంది కాబట్టి, బటన్లు లేనిదే మేలు.

హమ్, కీచుమనే శబ్దం

అడాప్టర్ పెట్టగానే స్పీకర్లలో సన్నటి కీచుమనే శబ్దం వచ్చి, అడాప్టర్ తీయగానే పోయిందంటే గ్రౌండ్ లూప్. హబ్ అడాప్టర్, ఫోను ఛార్జర్, స్పీకర్లు వేర్వేరు దారుల్లో గ్రౌండ్‌కి చేరి, ఆ తేడా ఆడియో కేబుల్ కవచంలోంచి ప్రవహిస్తుంది. వరుసగా ఇవి చేసి చూడండి. అన్నింటినీ ఒకే ప్లగ్ బోర్డుకి మార్చండి. ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకి బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ కేబుళ్లు (దారిలో చేరే రొదని రద్దు చేసేవి) వాడండి. అప్పటికీ పోకపోతే ఆడియో దారి మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ అనే చిన్న పెట్టె పెట్టి, గ్రౌండ్ కలయికని తెంచే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేయండి. ఏ పరిస్థితిలోనూ ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, టేపు చుట్టడం చేయకండి. శబ్దం పోతుంది, దానితోపాటు మనిషికున్న రక్షణ కూడా పోతుంది.

పవర్ బ్యాంక్ మీద నడిపితే ఈ లూప్ తెగిపోతుంది. బయట వాయించేవాళ్లు ముందే దీన్ని లెక్కలోకి తీసుకుని 5 వోల్టుల హబ్ కొనాలి. 12 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే హబ్‌ని పవర్ బ్యాంక్ నుంచి నడపడం కష్టం, ఎందుకంటే పీడీలో తప్పనిసరి మెట్లు 5, 9, 15, 20 వోల్టులు, 12 తప్పనిసరి కాదు. 20000 ఎంఏహెచ్ బ్యాంక్‌లో ఉన్నది 74 వాట్ అవర్లు, నష్టాలు పోను 60 అనుకోండి. హబ్‌కి 5 వాట్లు, ఐప్యాడ్‌కి 10 వాట్లు పోతే నాలుగు గంటలు. రెండు హెచ్చరికలు: లోడు మరీ తక్కువైతే చాలా బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. రెండో పోర్టులో కొత్తగా ఏదైనా గుచ్చితే మొదటి పోర్టుకి ఒక క్షణం కరెంటు ఆపే బ్యాంకులూ ఉన్నాయి. వాయిస్తున్నంతసేపు దాని జోలికి వెళ్లకండి.

ఐప్యాడ్ శబ్దం వేరే చోటికి పోతే

హబ్ మీద హెడ్‌ఫోన్ రంధ్రం, హెచ్‌డీఎంఐ ఉంటే ఎక్కువ ఇచ్చారని సంతోషించకండి. హెడ్‌ఫోన్ రంధ్రం వెనక ఉన్నది మరో యూఎస్‌బీ ఆడియో పరికరం. ఐఓఎస్, ఐప్యాడ్‌ఓఎస్ సాధారణంగా చివరగా తగిలిన ఆడియో పరికరాన్ని పట్టుకుంటాయి. మీ ఇంటర్‌ఫేస్‌కి పోవాల్సిన శబ్దం హబ్‌లోకి పోతుంది. యూఎస్‌బీ ద్వారా ఆడియో కూడా పంపే సింథ్‌లతోనూ ఇదే తంతు. సింథ్ సెట్టింగుల్లో యూఎస్‌బీని మిడి మాత్రమే అని మార్చండి. ఆ వీలు లేకపోతే దాన్ని ముందు తగిలించి, ఇంటర్‌ఫేస్‌ని అన్నింటికన్నా చివర తగిలించండి.

తగిలించే వరుస ఎప్పుడూ ఇదే ఉండనివ్వండి: హబ్ అడాప్టర్, పీడీ ఛార్జర్, హబ్ నుంచి ఐప్యాడ్, మిడి పరికరాలు, ఆఖరున ఆడియో ఇంటర్‌ఫేస్. అది కనిపించాకే యాప్ తెరవండి. తర్వాత యాప్‌లో బఫర్ (శబ్దాన్ని ఒక్కో విడతకి ఎంత పోగుచేసి పంపాలో చెప్పే అంకె) 128 దగ్గర పెట్టి, తెర వెలుతురు పూర్తిగా పెంచి, ఒక గంట ఆపకుండా రికార్డ్ చేయండి. గంటయ్యాక బ్యాటరీ శాతం మొదలుపెట్టినప్పటికన్నా తగ్గి ఉంటే ఛార్జర్ మార్చాలి. రికార్డింగ్‌లో చిటపటలు ఉంటే బఫర్ 256కి పెంచి మళ్లీ చూడండి. 256లో పోతే హబ్ తప్పు కాదు, ఐప్యాడ్ ప్రాసెసర్ మీద భారం. అప్పటికీ పోకపోతే ఇంటర్‌ఫేస్‌ని నేరుగా ఐప్యాడ్‌కి పెట్టి వినండి, అక్కడ శుభ్రంగా ఉంటే మీ అనుమానం హబ్ మీదా కేబుల్ మీదే. చివరగా, రికార్డ్ అవుతుండగానే పీడీ ఛార్జర్ లాగి చూడండి. ఏం జరుగుతుందో ఇప్పుడే తెలియాలి, స్టేజీ మీద కాదు.

గిటార్ పెడల్స్ కూడా వాడేవాళ్లు ఇంకొక్కటి చేయాలి. పెడల్ అడాప్టర్లు మామూలుగా 9 వోల్టులు, మధ్య పిన్ను నెగెటివ్. హబ్ అడాప్టర్లు సాధారణంగా 5 లేదా 12 వోల్టులు, మధ్య పిన్ను పాజిటివ్. రెండింటి పిన్నూ ఒకే సైజులో ఉండొచ్చు, చీకట్లో ఒకదాని బదులు ఇంకోటి చక్కగా దిగుతుంది, హబ్ కాలిపోతుంది. హబ్ అడాప్టర్ పిన్ను మెడకీ, హబ్ రంధ్రం పక్కనా ఒకే రంగు టేపు చుట్టి, దాని మీద వోల్టేజి రాసి పెట్టండి.